బాపమ్మ అతుకు

గంగారాం సిగ్నల్ పడిపోయిందని తెలిసిన ఆదివారం నేను రెండు గ్లాసుల చాయ్ తాగాను. ఒకటి రోజూ తాగేది. రెండోది సంతోషానికి. డెబ్బైకి దగ్గర పడుతున్న మనిషి బయటికి చెప్పుకోవలసిన మాట కాదిది. కానీ జ్ఞాపకాలు రాయడానికి కూర్చుని మంచివాణ్ణన్నట్టు నటిస్తే, రాయడమే దండగ. నా జీవితంలో నేను విడవకుండా, క్రమం తప్పకుండా చేసిన పని ఏదైనా ఉందంటే అది గంగారాంను చూసి కుళ్ళుకోవడం. పాఠాలు చెప్పడం రిటైరైనప్పుడు మానేశాను, సిగరెట్లు డాక్టరు మాన్పించాడు. ఇది మాత్రం ఎవరూ మాన్పించలేదు.

గంగారాం మా మేనత్త కొడుకు, నాకంటే ఏడాదిన్నర పెద్ద, వరసకు బావ. వాళ్ళది కోరుట్ల, మాది సిరిసిల్ల. ఇద్దరం హామ్ రేడియో వాళ్ళం. అంటే పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, ఇంట్లోనే ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, మిద్దె మీద ఒక పొడుగాటి తీగ కట్టుకుని, ఇదే పిచ్చి ఉన్న ఇంకొకడితో వాడెక్కడున్నా మాట్లాడుకునే జాతి. మేము మాట్లాడేది నోటితో కాదు, మోర్సులో, చుక్కలూ గీతలూ కొట్టి. ఎదుటివాడు ఎంత బలంగా వినపడుతున్నాడో తొమ్మిదికి ఇంత అని ముందుగా చెప్పడం మాలో మర్యాద. నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం పొద్దున ఏడు గంటలకు గంగారాంకూ నాకూ మధ్య జరిగే సంభాషణ అంతా అదే. అతను నాకో అంకె ఇస్తాడు, నేను అతనికో అంకె ఇస్తాను, చివర శుభం కోరుతూ చెరొక డెబ్బై మూడు కొట్టి కట్టేస్తాం. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే తల ఊపుకుంటాం. ఇళ్ళకు రాకపోకలు లేవు. ఎందుకు లేవో చెప్పడానికే ఈ అధ్యాయం.

అతను నాకు ఎప్పుడూ తొమ్మిదే ఇస్తాడు. వానాకాలం ఉరుముల్లో నా కూత సగం మునిగిపోయినా తొమ్మిదే. నేను అతనికి ఏడు దాటి ఇచ్చింది లేదు. అతని కూత నా చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్లు గణగణమనేటట్టు వస్తుంది. అయినా ఆరు, ఏడు, మనసు బాగాలేని రోజు ఐదు. అలాంటిది ఈ వానాకాలం మొదలైన దగ్గర్నుంచి అతని బలం నిజంగానే తగ్గుతూ వచ్చింది. ఒక ఆదివారం మూడు అని కొట్టాను. నలభై ఏళ్ళలో నేను అతనికిచ్చిన మొదటి నిజమైన అంకె అది. ఆ రోజే రెండో చాయ్. ఆ తర్వాత రెండు ఆదివారాలు అసలే వినపడలేదు. మూడో వారం గంగారాం ఫోన్ చేశాడు. తన మోకాళ్ళకు ఆపరేషన్ అయిందనీ, మిద్దె ఎక్కలేకపోతున్నాననీ, తీగలో ఏదో తేడా ఉందనీ చెప్పి, "నువ్వొచ్చి సూస్తవా, రాజం?" అన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాలన్నీ ఒక్కసారి ఆగితే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో, నా చెవిలో అంత నిశ్శబ్దం. వస్తానన్నాను.

వేములవాడలో బస్సు మారాను. గుండ్లు చేయించుకున్న పిల్లలూ పెద్దలూ, చేతుల్లో బెల్లం మూటలూ, పసుపు వాసన. కోరుట్ల బస్సులో కిటికీ పక్కన కూర్చుని, సంచిలోని అనలైజర్ డబ్బాను రెండుసార్లు తడిమి చూసుకున్నాను. అరచేతిలో పట్టే ఈ డబ్బాను తీగకు తగిలిస్తే రోగం ఎక్కడుందో గీత గీసి చూపిస్తుంది. గంగారాం దగ్గర ఇది లేదు. అతని దగ్గర లేనిది నా దగ్గర ఉండటం ఇదే మొదటిసారో రెండోసారో. అందుకే కాబోలు, బస్సు కథలాపూర్ దాటేదాకా మనసు హాయిగా ఉంది. ఆ తర్వాత, రమ్మనకపోయినా, పాత ఇల్లు గుర్తుకు రావడం మొదలైంది.

మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలుండేవి. మా దగ్గర వాటిని సాంచాలంటారు. తెల్లవారకముందే నాన్న, మా మాటలో బాపు, వాటిని వేసేవాడు. ఆ చప్పుడుకు ఇల్లు ఇల్లంతా సన్నగా వణికేది. గోడకు తగిలించిన అద్దంలో మన మొహం కూడా వణుకుతూ కనపడేది. గంజి ఉడికే పుల్లటి వాసన, మిషన్ నూనె వాసన, ముక్కులోకి పోయే పత్తి దుమ్ము. బాపు అన్నం తింటూ మధ్యలో ముద్ద ఆపి, మూడో దాంట్లో పోగు తెగింది అనేవాడు. వెళ్ళి చూస్తే తెగే ఉండేది. నాలుగు సాంచాల చప్పుడులో ఒక్క పోగు తెగిన తేడా ఆయనకు వినపడేది. నేను రేడియో పట్టుకుని ఎంత దూరం విన్నా ఆ చెవి నాకు రాలేదు. గంగారాంకు వచ్చింది. బాపు ఆ మాట మా ఇంటికి వచ్చిన ప్రతివాడి ముందూ అనేవాడు.

బాపమ్మ అంటే మా బాపు తల్లి, గంగారాంకు అమ్మమ్మ, పేరు నర్సవ్వ. ఆమె పని అతుకులు. సాంచ మీద ఉన్న నూలు అయిపోవస్తే, కొత్త నూలు పోగులను పాత పోగులకు ఒక్కొక్కటిగా అతకాలి. అవి వందలు కాదు, వేలు. ఆమె కాళ్ళు చాపుకుని కూర్చుని, గంజి గిన్నె పక్కన పెట్టుకుని, రెండు కొసలు పక్కపక్కన పెట్టి బొటనవేలితో ఒక్క పురి తిప్పేది. ముడి ఉండదు. ముడి ఉంటే బట్టలో బొడిపె పడుతుంది. ఆమె అతికిన చోటు కంటికి కనపడదు, వేలికి తగలదు. కొత్త సాంచాలు వచ్చాక అది మగవాళ్ళ పనయింది గాని, సన్న నూలు వస్తే వాడలో వాళ్ళు అప్పటికీ నర్సవ్వను పిలువండి అనేవాళ్ళు. సెలవులకు గంగారాం వస్తే మాకు ఒక ఆట. బాపమ్మ ఒక పోగు తీసి మధ్యలో ఎక్కడో అతికి, మా ఇద్దరినీ కళ్ళు మూసుకొమ్మని, పోగును వేళ్ళ మధ్య లాగుతూ అతుకు ఎక్కడుందో చెప్పమనేది. నేను ప్రతిసారీ ఇక్కడే అని ఎక్కడో ఒకచోట పట్టుకునేవాణ్ణి. గంగారాం చివరిదాకా లాగి, దొరకలేదు అనేవాడు. ఆమె మొహం వెలిగిపోయేది. బెల్లం ముక్క అతనికే. కనిపెట్టానని చెప్పిన నాకు కాకుండా ఓడిపోయినవాడికి బెల్లం పెట్టడం నాకు ఏనాడూ మింగుడు పడలేదు.

మాకు ఈ రేడియో పిచ్చి అంటించింది జగిత్యాలలోని విఠల్ సారు. తంతి ఆఫీసులో జీవితమంతా చుక్కలూ గీతలూ కొట్టి రిటైరైన మనిషి. ఖిల్లా దగ్గర చిన్న పెంకుటిల్లు. ఎప్పుడు పోయినా బల్ల మీద చుక్కలూ గీతలూ కొట్టే ఇత్తడి కీ ఒకటి తళతళలాడుతూ ఉండేది. అది సర్కారుది కాదు, ఆయన సొంతంగా కొనుక్కున్నది. వారానికోసారి చింతపండుతో తోమేవాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో వేలు ఆ కీ మీదికి పోయి, తను అనబోయే మాటను ముందు కొట్టి తర్వాత నోటితో అనేవాడు. ఆయన దగ్గర నేర్చుకుని మేమిద్దరం ఒకే ఏడు పరీక్ష పాసయ్యాం. గంగారాం అప్పటికే కోరుట్లలో మోటారు వైండింగు షాపులో పనికి కుదిరాడు. మోటార్లకు చుట్టే రాగి తీగ రెండు కట్టలు తెచ్చి, ఒకటి తన మిద్దెకూ ఒకటి మా మిద్దెకూ కట్టాడు. నేను అంతకుముందే మా ఇంట్లో బల్ల మీద సెట్టు అమర్చుకున్నాను. ఇద్దరివీ ఒకే రకం సెట్లు, ఒకే పొడుగు తీగలు. అప్పుడు సారు ఒక మాట అన్నాడు. వానాకాలం పోయేదాకా ప్రతి ఆదివారం ఏడు గంటలకు పిలుస్తాననీ, ఎవరు తప్పకుండా, స్పష్టంగా పలుకుతారో వాళ్ళకు ఆ ఇత్తడి కీ ఇస్తాననీ. తన చేతులు వణకడం మొదలైందనీ, అది మూలన పడి ఉండటం తనకు ఇష్టం లేదనీ కూడా అన్నాడు.

నాకు ఆ కీ కావాలి. ఎంత కావాలో చెప్పడానికి ఈ వయసులో సిగ్గేస్తుంది. బాపు ముందు పెట్టి చూపించాలి, గంగారాం చూస్తుండగా చూపించాలి, అదీ కోరిక. మొదటి రెండు వారాలు ఇద్దరమూ పలికాం. మూడో వారం నుంచి నా సిగ్నల్ సారుకు చేరడం ఆగిపోయింది. నేను వింటున్నాను, ఆయన పిలుస్తున్నాడు, గంగారాం జవాబిస్తున్నాడు, నేనూ కొడుతున్నాను, నన్ను మాత్రం ఎవరూ వినడం లేదు. ఉన్న ఊళ్ళో ఉంటూ పేరు పిలిచినప్పుడు నోరు పెగలనట్టు ఉండేది. సెట్టుకూ తీగకూ మధ్య ఒక చిన్న టార్చి బుగ్గ, అంటే బల్బు, పెట్టి చూసుకునేవాణ్ణి. తీగలోకి కరెంటు పోతే అది వెలుగుతుంది. సాంచాలు నడుస్తున్నప్పుడు బుగ్గ మిణుకు మిణుకుమని ఆరిపోయేది. వారానికో రోజు కరెంటు బంద్ ఉండి సాంచాలు ఆగేవి. ఆ రోజు లారీ బ్యాటరీ మీద సెట్టు వేసి చూస్తే దివ్యంగా వెలిగేది. ఇంకేం, తప్పు సాంచాలదే అని తేల్చేశాను. ఆదివారం పొద్దున అర్ధగంట సాంచాలు ఆపమని బాపును అడిగితే, ఆయన నావైపు ఒక్కసారి చూసి మళ్ళీ పని చూసుకున్నాడు.

కేబులు మార్చాను. ప్లగ్గులు మార్చాను. ఎర్త్ సరిగా లేదని పాత రాగి బిందె ఒకటి ఉప్పూ బొగ్గూ వేసి పాతిపెట్టాను. తీగను చూశాను, ఒకసారి కాదు నాలుగైదుసార్లు. తీగను నిలబెట్టిన వెదురు గుంజకు రాసుకోకుండా నేనే అక్కడక్కడ నూలు చుట్టి గంజి పూసి ఉంచాను, ఆ చుట్లన్నీ గట్టిగానే ఉన్నాయి. ఏ పనీ ఫలితం ఇవ్వలేదు. గంగారాంకు విషయం తెలిసి ఉత్తరం రాశాడు. సాంచాల మోటార్ల చప్పుడు వల్ల నాకు ఇతరులు వినపడకపోవచ్చు గాని, సారుకు నేను వినపడకపోవడానికి ఆ చప్పుడుతో ఏం సంబంధం అని అడిగాడు. నిజానికి అది తెలివైన ప్రశ్న. నాకు తట్టవలసిన ప్రశ్న. తట్టనందుకు వచ్చిన కోపమంతా అతని మీదికే మళ్ళింది. మూడో వారానికి ముందు అతను మా ఇంటికి వచ్చి ఒక మధ్యాహ్నమంతా మిద్దె మీదే గడిపాడన్న సంగతి గుర్తొచ్చింది. తప్పు సాంచాలది కాదని కోరుట్లలో కూర్చున్నవాడికి ఇంత కచ్చితంగా ఎలా తెలుసు? ఏదో చేసినవాడికే తెలుస్తుంది. కుళ్ళుకు లాజిక్కు ఎంత బాగా కుదురుతుందో అప్పుడు తెలిసింది. గంగారాం నా తీగను పాడు చేశాడని సారుకు కార్డు రాసి పోస్టులో వేశాను. కార్డు కాబట్టి దారిలో ఎందరు చదివారో దేవుడికి తెలియాలి.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి, ఆనాడు దానికీ దీనికీ సంబంధం ఉందని నాకు తెలియదు గాని. మా తీగ రెండు వైపులా వాలుగా, నడుమ ఎత్తు గుంజ, రెండు కొసలు కిందికి దిగి ఉండేది. నడిమి గుంజను షెడ్డు ఇనుప స్తంభానికే కట్టాను. ఒక కొస బావి గోడ దగ్గర మనిషి చెయ్యెత్తితే అందేటట్టు ఉండేది. తీగ కట్టిన కొత్తలో బాపమ్మ గంజిలో ముంచిన తడి నూలు తెచ్చి దాని మీద ఆరేసింది. ఆమె దృష్టిలో ఖాళీగా ఉన్న తీగ అంటే బట్టల తీగే. నేను చూసి అరిచాను. షెడ్డులో పనివాళ్ళంతా సాంచాల దగ్గర నుంచి తలలు తిప్పి చూసేటట్టు అరిచాను. ఈ తీగను ముట్టినవాళ్ళ చెయ్యి విరగ్గొడతానని కూడా అన్నాను.  ఆమె తడి నూలు చేతుల మీద వేసుకుని లోపలికి పోయింది. సాయంత్రం నాకు అన్నం పెట్టింది కూడా. నేను ఆ సంగతి అక్కడితో మరిచిపోయాను.

సారు నా కార్డుకు జవాబు రాయలేదు. గంగారాంను మా ఇంటికి పంపి, ఇద్దరూ కలిసి తప్పు వెతకండని కబురు పెట్టాడు. అతను శనివారం పొద్దున వచ్చాడు. నేను ముభావంగా ఉన్నాను. అతను సెట్టును ముట్టుకోలేదు, కేబులును చూడలేదు. బావి గోడ దగ్గర కొస విప్పించి, కళ్ళు మూసుకుని తీగను వేళ్ళ మధ్య నుంచి మెల్లగా లాగడం మొదలుపెట్టాడు. అది చూసి నవ్వు కూడా వచ్చింది. అయిదు నిమిషాలయ్యాక కళ్ళు తెరిచి, ఇంట్లో తీగలు కరిగించి అతికే సోల్డరింగు మసాలా అయిపోయింది, బజారుకు పోయి తీసుకురా అన్నాడు. నేను వెళ్ళి వచ్చేసరికి బాపమ్మ అతని పక్కన గోడకానుకుని కూర్చుని ఉంది.  తీగ ఒకచోట కోసి, గీకి, మెలిపెట్టి ఉంది. మసాలా అందుకుని అతికాడు. సాంచాలు నడుస్తుండగానే సెట్టు వేశాం. బుగ్గ సూర్యుడిలా వెలిగింది. ఏమైంది దీనికి అని అడిగాను.

"మొన్న ఒచ్చినప్పుడు నేనే గుంజిన, రాజం. తెగింది. చెప్పలే," అన్నాడు.

బాపమ్మ లేచి లోపలికి పోయింది. నాకు ఎంత సంతోషమేసిందంటే, కోపం చూపించాలన్న సంగతి కూడా కాసేపటికి గాని గుర్తుకు రాలేదు. గుర్తొచ్చాక మాత్రం బాగానే చూపించాను. దొంగవన్నాను, మళ్ళీ ఈ గడప తొక్కొద్దన్నాను. అతను చెప్పులు వేసుకుని బస్టాండుకు నడిచి వెళ్ళిపోయాడు. వానలు వెళ్ళాక, అతను ఒప్పుకున్న సంగతి తెలిసిన సారు ఇద్దరినీ జగిత్యాలకు పిలిచి కీ నా చేతిలో పెట్టాడు. సిగ్నల్ ఎంత బలంగా ఉన్నా పంపేవాడి మాట నమ్మేటట్టు ఉండాలని ఒక్క వాక్యం అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గంగారాం వైపు చూడలేదు. గంగారాం నేల చూస్తూ నిలబడ్డాడు. నేను ఆ కీని తువ్వాలలో చుట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను. సారు పోయాడు, బాపమ్మ పోయింది, బాపు పోయాడు, నాలుగు సాంచాలూ పాత ఇనుములో పోయాయి. సారు పెట్టిన ఆదివారం ఏడు గంటల అలవాటును మాత్రం ఇద్దరం మానలేదు, అంకెల వరకే. కీ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. వారానికోసారి చింతపండుతో తోముతాను.

కోరుట్లలో గంగారాం ఇల్లు చూడగానే, ఊహించినట్టే, కడుపులో మండింది. ముందుగదిలో ఒక గోడ గోడంతా కార్డులు. మాట్లాడిన ప్రతివాడూ గుర్తుగా పంపుకునే కార్డులు మాలో ఉంటాయి. నా దగ్గర ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. అతని దగ్గర గోడ నిండా ఉన్నాయి, అదీ వరసగా, దేశం తర్వాత దేశం. పనిముట్ల బల్ల మీద ఏ పట్టకారు ఎక్కడుండాలో అక్కడే ఉంది. అక్క, అంటే అతని భార్య, నేను అడక్కముందే చక్కెర తక్కువ చాయ్ ఇచ్చింది. నాకు చక్కెర తక్కువని ఆమెకు ఎలా తెలుసని అడిగితే, ఆయనే చెప్పిండు అంది. నలభై ఏళ్ళుగా అంకెలు తప్ప మాట్లాడుకోనివాడికి నా చక్కెర సంగతి ఎవరు చెప్పారో నేను అడగలేదు.

మిద్దె మీదికి నేనొక్కడినే ఎక్కాను. కింద వాకిట్లో కుర్చీ వేసుకుని గంగారాం తల ఎత్తి చూస్తున్నాడు. అనలైజర్ తగిలిస్తే గీత పిచ్చిపిచ్చిగా ఊగింది. తీగను విడదీసి కేబులును ఒక్కదాన్నే చూస్తే అప్పుడూ ఊగింది. కాబట్టి రోగం తీగలో లేదు, కేబులులో ఉంది. గుంజ దగ్గర కేబులు నల్లతోలు ఎండకు పగిలి ఉంది. వాన నీళ్ళు ఆ పగులులోంచి లోపలికి దిగి, తోలు కింద అల్లిక పొడుగునా పాకి, పై ప్లగ్గు దాకా చేరాయి. ప్లగ్గు విప్పితే లోపల పచ్చని చిలుము, బొటబొటా నాలుగు చుక్కల నీళ్ళు. పాడైన ముక్క కోసేసి, కొత్త ప్లగ్గు అతికి, మళ్ళీ నీళ్ళు దిగకుండా కేబులును ఒక వంపు తిప్పి కట్టాలి. అర్ధగంట పని. పైనుంచి, నీళ్ళు పోయినయి బావా, అని చెప్పాను. నలభై ఏళ్ళ తర్వాత బావా అన్న మాట అలా మిద్దె మీద నుంచి, తెలియకుండా, నోట్లోంచి జారింది. అతను వినపడనట్టే ఉండి, సోల్డరింగు మసాలా బల్ల కింద సొరుగులో ఉందని చెప్పాడు.

దిగి వచ్చి సొరుగు లాగాను. మసాలా డబ్బా అనుకుని పాత తలనొప్పి మందు డబ్బా ఒకటి తెరిచాను. లోపల దూది మీద వేలెడంత రాగి తీగ ముక్క. రెండు కొసలు పక్కపక్కన పెట్టి ఒక్క పురి తిప్పి, పైన తెల్ల నూలు చుట్టి, గంజి పూసి ఉంది. గంజి పసుపు పచ్చగా మారి అద్దంలా గట్టిపడింది. ముడి లేదు. నేను ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి చూశాను. అలాంటి పురి తిప్పే చెయ్యి ఈ భూమ్మీద ఒక్కటే ఉండేది. నూలు కింద తీగ గోధుమ రంగులో నున్నగా మెరుస్తోంది. మోటారు తీగకు పైన కంటికి ఆనని వార్నీషు పూత ఉంటుంది. దాన్ని గీకకుండా రెండు కొసలు ఎంత గట్టిగా మెలిపెట్టినా లోపలి రాగి రాగిని తాకదు. కోసిన మొనలు తాకితే తాకినట్టు, సాంచ అదిరితే విడిపోయినట్టు. ప్రపంచంలో ఏ రేడియోవాడూ అలా అతకడు. నూలును గీకి అతికే పద్మశాలీ కూడా ప్రపంచంలో లేడు.

వాకిట్లోకి వచ్చి డబ్బా అతని ముందు పెట్టాను. అతను దాన్ని చూసి, మోకాలు సర్దుకుని, అక్కను లోపలికి వెళ్ళమన్నట్టు చూశాడు.

"అమ్మమ్మ మళ్ళ నూలు ఆరేసిందట. నువ్వు ఇంట్ల లేవు. తీగ తెగింది," అన్నాడు. "నువ్వు ఒర్రుతవని తనే అతికి, నువ్వు చుట్టినట్టే నూలు చుట్టింది. నువ్వు చుట్టినయి నాలుగే. ఐదోది ఎవలు చుట్టిన్రో నువ్వు సూసుకోలే."

ఎలా తెలిసిందని అడిగాను. వేలికి తగిలిందా అని. తగిలింది, అన్నాడు. చిన్నప్పుడు పోగులో కూడా ప్రతిసారీ తగిలేదట. ఆమె మొహం చిన్నబోతుందని దొరకలేదనేవాడట. నేను పట్టుకున్న చోట మాత్రం ఏనాడూ అతుకు లేదట. ఆ మాట అంటూ కొంచెం నవ్వాడు. నన్ను బజారుకు పంపింది కూడా అందుకే. ఆమె వచ్చి పక్కన కూర్చుని, నా అతుకు ఊడిందా కొడుకా అని అడిగిందట. లేదమ్మమ్మా, అతుకు మంచిగనే ఉన్నది, తీగనే పాడైందని చెప్పాడట.

"రాజంకు చెప్పకురా, వాడు నా మీదికొస్తడు అన్నది. చెప్పనని చేతుల చెయ్యేసిన," అన్నాడు.

అంటే ఆమెకు నేనంటే భయం. నాకు రోజూ పొద్దున గంజి అన్నం పెట్టి, నా పక్కన పడుకుని, నా జ్వరాలకు ఉపవాసాలున్న మనిషి, నా నుంచి దాచుకోవలసి వచ్చింది. అది ఆలోచిస్తే ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు. అయినా నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో నాకు మొదట కలిగింది సిగ్గు కాదు. ఆ చెయ్యి ఆమె నా చేత ఎందుకు వేయించుకోలేదన్న మంట. ఆమెకూ అతనికీ మధ్య నలభై ఏళ్ళు ఒక రహస్యం ఉంది, ఆమెతో ఒకే కప్పు కింద బతికిన నాకు లేదు. కీ సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. ఆ కీ నీది బావా, వచ్చే వారమే తెచ్చిస్తాను అన్నాను. నాకెందుకు, అది నీ చేతికి అలవాటైంది, అన్నాడు. నా మీద కోపం రాలేదా అని అడిగాను.

"ఎందుకు రాలే? గా కార్డు పోస్టాఫీసుల అందరు సదివిన్రు, కోరుట్ల దాంక పాకింది. మా అవ్వ, నీ మేనత్త, నెల రోజులు బయటికి రాలే," అన్నాడు. "గని నువ్వు రోజు అమ్మమ్మ దగ్గర పండేటోనివి. నాకు ఏడాదికి రెండుసార్లు దొరికేది. గిదొక్కటి నాకే తెల్సు, రాజంకు తెల్వది అని లోపల మురిసేటోన్ని."

నలభై ఏళ్ళు నేనే కుళ్ళుకుంటున్నాననుకున్నాను. అతనూ కుళ్ళుకున్నాడు, కాకపోతే అతనికి కుళ్ళుకోవడం కూడా నాకంటే అందంగా వచ్చింది. డబ్బాలోని ముక్కను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. గంజి మీద ఒకచోట బొటనవేలి గీతలు అచ్చుపడి ఉన్నాయి. ఆమె ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో లేదు. ఆమె చీరలు లేవు, గంజి గిన్నె లేదు, ఆమె అతికిన బట్ట ఎవరి ఒంటి మీద చిరిగి ఏ పాత గుడ్డయిందో తెలియదు. కీ నువ్వే తీసుకో, ఈ అతుకు నాకివ్వు, అన్నాను. ఆ మాట బతిమాలినట్టే అన్నాను.

గంగారాం చెయ్యి చాచి ముక్కను తీసుకుని, దూది మీద పెట్టి, డబ్బా మూత బిగించాడు.

"కీ నీకు సారు ఇచ్చిండు. గిది నాకు అమ్మమ్మ ఇచ్చింది," అన్నాడు. "గిది ఇయ్య."

నేను మళ్ళీ మిద్దె ఎక్కి పని పూర్తి చేశాను. పాడైన ముక్క కోశాను, ప్లగ్గు అతికాను, కేబులు వంపు తిప్పి కట్టాను. అనలైజర్ గీత ఎక్కడ ఉండాలో అక్కడ నిలబడింది. ఆ ఇంటి మీద ఇంత మంచి గీత నా చేతులతో నేనే నిలబెట్టినందుకు కూడా కొంచెం బాధేసింది. అన్నం తిని వెళ్ళమని అక్క బలవంతం చేస్తే తిన్నాను. బస్సెక్కేటప్పుడు అతను బస్టాండు దాకా రాలేదు, మోకాళ్ళు సహకరించవు కదా. వాకిట్లో నిలబడి పైలంగ పో అని జాగ్రత్త చెప్పాడు.

మొన్నటి ఆదివారం పొద్దున ఏడు గంటలకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. గంగారాం పిలిచాడు. ఆ కూత ఎలా వచ్చిందంటే, పక్కగదిలో కూర్చుని కొడుతున్నట్టు వచ్చింది. సూది చివరిదాకా పోయి అక్కడే ఆనుకుంది. ముందు అతను నాకు అంకె ఇచ్చాడు, ఎప్పటిలాగే తొమ్మిది. ఇప్పుడు నా వంతు. సారు ఇచ్చిన ఇత్తడి కీ మీద వేలు పెట్టాను. మోర్సులో ఏడంటే రెండు గీతలు, మూడు చుక్కలు. ఎనిమిదంటే మూడు గీతలు. తొమ్మిదంటే నాలుగు. మొదటి గీత కొట్టాను, రెండోది కొట్టాను. మూడోది చుక్క వెయ్యడానికి అలవాటు పడ్డ వేలిని బలవంతాన నొక్కి పట్టి గీత కొట్టాను. నాలుగో దగ్గరికి వచ్చేసరికి ఆ తలనొప్పి మందు డబ్బా, దాని మూత బిగుస్తున్న చప్పుడు గుర్తొచ్చింది. వేలు దానంతటదే లేచింది. చుక్క, ఇంకో చుక్క. ఎనిమిది.

 అవతలి నుంచి మెల్లగా, ఒక్కో అక్షరం విడివిడిగా వచ్చింది: ఒకటి పెరిగింది. దాని వెనకాలే నాలుగు చుక్కలు, రెండు చుక్కలు. మాలో అది నవ్వు.